నవ్వించిన వాదన

రాజకీయాల్లోకి ఎందుకు వచ్చావని అడిగిన వాళ్లందరికీ నేను ఒకటే జవాబు చెప్పేవాణ్ణి: భాష కోసం. చెప్పేటప్పుడు గొంతు కాస్త బరువుగా పెట్టేవాణ్ణి. అడిగినవాళ్లు గౌరవంగా తలూపేవారు. నిజానికి నేను పార్టీలో చేరింది ఒక ఆడమనిషి ముఖం చూడలేక. ఆ సంగతి ఏ వేదిక మీదా చెప్పలేదు.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడాది అబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణం పైగది కిరాయికి తీసుకుని వకీలు బోర్డు పెట్టాను. నా చదువంతా ఉర్దూలోనే సాగింది, అదాలత్‌లో వాదనలూ ఉర్దూలోనే జరిగేవి. నా ఉర్దూ అంటే నాకు మహా గొప్ప. ఇంట్లో మాట్లాడే తెలుగు ఇంకాస్త పప్పు వడ్డించమనడానికి పనికొస్తుంది గానీ వాదించడానికి పనికిరాదనుకునేవాణ్ణి.

అప్పుడు వచ్చింది ఆమె, ఖైరతాబాద్ నుంచి. మా అమ్మ ఈడు మనిషి. ఊళ్లో పొలం పోతే మొగుడితో పట్నం వచ్చి, ఇద్దరూ ఇటుకలు మోసి రెండు గదుల ఇల్లు వేసుకున్నారు. మొగుడు పోయిన నెలలోపే మరిది వచ్చాడు. రేషన్ కార్డులో పేరు మార్చాలని చెప్పి ఒక కాగితం మీద ఆమె వేలిముద్ర వేయించుకున్నాడు. తీరా చూస్తే అది ఇల్లు అతనికి అమ్మినట్టు రాసిన కాగితం.

ఆమె తెలివితక్కువదేం కాదు. బస్తీలో మొగుడూ పెళ్లాల తగువులు ఆమె అరుగు మీదే తెగేవి. అది ఏం కాగితమని మరిదిని గుచ్చి గుచ్చి అడిగింది, వాడు అన్న మీద ఒట్టేసి మరీ అబద్ధం చెప్పాడు. జరిగింది అచ్చమైన మోసం. కానీ మోసమని నిరూపించాలంటే సాక్షి కావాలి, మరిదికి భయపడి ఒక్కడూ ముందుకు రాలేదు. నాకు మాత్రం సులువైన దారి తోచింది. ఈమెకు బొత్తిగా బుర్ర లేదు, ఏం చేస్తున్నదో ఈమెకే తెలియదు, కాబట్టి ఆ వేలిముద్ర చెల్లదని వాదించాను.

బజారు ఉర్దూ ఆమెకు బాగానే వచ్చు. అందుకని ఏరి ఏరి ఫార్సీ మాటలు వాడాను. వేలిముద్ర వేయమంటే, చేతికి గోరింటాకు పెడుతున్నారనుకుని ఈమె సంబరంగా చెయ్యి చాపిందని చెప్పాను. ఆ సంగతి పూర్తిగా నా కల్పన. మెహందీ అంటే ఆమెకు తెలిసిపోతుందని హినా అన్నాను. మున్సిఫ్‌గారు మీసాల్లో నవ్వారు, గుమాస్తాలు పైకే నవ్వారు. గోడ పక్కన నిలబడ్డ ఆమె కూడా, అందరూ నవ్వుతున్నారు కదా అని, కొంచెం నవ్వింది.

ఇల్లు ఆమెకే దక్కింది. ఆ సంతోషంలో నన్ను కొడుకా అని పిలుస్తూ అఫ్జల్‌గంజ్ దాకా నాతో నడిచొచ్చింది. బస్సు కోసం నిలబడ్డప్పుడు అడిగింది.

“ఏం జెప్పినవ్ కొడుకా? జర తెలుగుల జెప్పు, మా బస్తీల చెప్పుకోవాలె. గంత మంది ఎందుకు నవ్విన్రు?”

నీ మరిదిని చూసి నవ్వారవ్వా అన్నాను. ఒకసారి మొదలుపెట్టాక ఇంక ఆగలేదు. నీ తెలివిని పొగిడాననీ, వాడి ముఖాన వాడి మోసాన్ని విప్పి చూపించాననీ చేతులూపుతూ అల్లేశాను. ఆమె ఒక్కో మాటా మనసులో భద్రం చేసుకుంది.

ఆ తర్వాత చింతచిగురు కాలంలో కొంగున ఇంత చిగురు మూటగట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టేది. వచ్చినప్పుడల్లా, అదాలత్ అంతా నవ్వుతుంటే మరిది ముఖం ఎలా మాడిపోయిందో నాకే మళ్లీ చెప్పేది. నేను కాగితాలు సర్దుతూ ఊ కొట్టేవాణ్ణి. సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి. మెట్ల మీద ఆమె గొంతు వినిపిస్తే, ఆ గదికి వెనక గుమ్మం కూడా ఉంటే బాగుండేది అనిపించేది.

ఆ రోజుల్లోనే అదాలత్‌లోకి ఇంగ్లీషు జొరబడింది. నా ఫార్సీ మాటలు నా దగ్గరే మిగిలిపోయాయి, కక్షిదారులు పలచబడ్డారు. నాంపల్లి స్టేషన్ దగ్గరి ఇరానీ హోటల్లో పొద్దు గడిపేవాణ్ణి. అక్కడే పార్టీ పెద్ద ఒకాయన పరిచయమయ్యాడు. జనానికి అర్థంకాని భాషలో చెప్పేది న్యాయమే కాదు, మన అదాలత్‌లు మన తెలుగులో నడవాలి అన్నాడాయన. వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. అంటే ఇన్నాళ్లూ నన్ను తినేస్తున్నది నా తప్పు కాదు, భాష తప్పు. తెలుగులో వాదించాల్సి వస్తే ఆమె ఎదుట నేను అంత మాట అనగలిగేవాణ్ణా? చాయ్ చల్లారకముందే పార్టీలో చేరడానికి ఒప్పుకున్నాను. నా పాపం మోయడానికి ఇంకొకరు దొరికితే ఎవరు వదులుకుంటారు?

మొదటి ఎన్నికలు వచ్చాయి. నాంపల్లిలో సభ పెట్టి నన్ను మాట్లాడమన్నారు. మన భాష, మన పాలన అంటూ మొదలుపెట్టాను గానీ జనం దగ్గుతున్నారు, పల్లీల బండి చుట్టూ మూగుతున్నారు. ఏదైనా కథ చెబితే నిలుస్తారనిపించి, నోటికి మొదట వచ్చిన కథ అందుకున్నాను. ఖైరతాబాద్‌లో ఒక అవ్వ ఉండేది, మరిది వేలిముద్ర వేయమంటే గోరింటాకు పెడుతున్నారనుకుని చెయ్యి చాపింది పాపం, ఇలాంటి అమాయకులకు ఉర్దూలో తీర్పు చెబితే ఏం తెలుస్తుంది అన్నాను. మైదానమంతా గొల్లున నవ్వింది. పల్లీల దగ్గరివాళ్లు కూడా వెనక్కి తిరిగారు. అంత పెద్ద నవ్వు అంతకుముందు నాకెప్పుడూ దొరకలేదు.

ఆ నవ్వులో ఆడవాళ్ల వైపు చూశాను. ఒక గుంపు మాత్రం నవ్వడం లేదు. అందులోని ఆడవాళ్లందరూ నన్ను కాక, మధ్యలో కూర్చున్న ఒక మనిషిని చూస్తున్నారు. కొడుకులాంటి మా వకీలు మాట్లాడతాడని బస్తీ వాళ్లను వెంటేసుకుని వచ్చింది ఆమె.

మిగతాది ఎలా ముగించానో తెలియదు. దిగేసరికి వేదిక పక్క వెదురు కంచె దగ్గర నిలబడి ఉంది. తోటివాళ్లను ముందు నడవమన్నట్టుంది, ఒక్కతే ఉంది.

“ఆ దినం గాడ గిదే జెప్పిన్రా, వకీల్ సాబ్?”

అవునని తలూపాను.

“మొగడు సచ్చి నెల గూడ గాలె. నేను గోరింటాకుకు చెయ్యి చాపుతనా?” గొంతు పెంచలేదు. కొంగు సర్దుకుని, నేల చూస్తూ అంది. “నేను గూడ నవ్విన గదా ఆ దినం.”

బస్తీ వాళ్లు పోయిన దారినే నడిచి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె నా గది మెట్లెక్కలేదు.

పార్టీ పెద్ద మాత్రం భుజం తట్టి, మర్నాడు బేగం బజార్ సభలో కూడా ఆ కథ చెప్పి తీరాలన్నాడు. చెప్పాను. గోరింటాకు మాట ఒక్కటీ తీసేసి, మరిది ఒట్టేశాడనీ ఆమె గుచ్చి గుచ్చి అడిగిందనీ జరిగింది జరిగినట్టే చెప్పాను. ఎవరూ నవ్వలేదు. వెనక ఎవరో లేచి దుకాణం కట్టేసే వేళయిందన్నారు. పక్క కుర్చీలోంచి పార్టీ పెద్ద నా చొక్కా లాగి, గోరింటాకు, గోరింటాకు అని గుర్తుచేశాడు.

చెప్పాను. బేగం బజార్ కూడా నవ్వింది.