తెల్ల గౌనులో పసుపు వైరు

నా పెళ్ళికి వచ్చిన జనమంతా పెళ్ళి మధ్యలో చర్చి ఖాళీ చేసి పారిపోయారు. భోజనాలు బాగాలేక కాదు, అప్పటికి వడ్డించనే లేదు. కారణం నేను. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే నేను లోపల తొడుక్కున్న బాడీ. కంగారు పడకండి, ఇది కుటుంబసమేతంగా చదవదగినదే. ఆ రోజు చూసినవాళ్ళు కూడా కుటుంబసమేతంగానే చూశారు.

డెబ్భైల తొలి సంవత్సరాలు. గోదావరిఖనిలో మా నాన్న బొగ్గుబాయిలో టింబర్‌మన్. అంటే పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. భూగోళాన్ని ఆపగలిగిన మనిషి కడుపున పుట్టి ఒక గౌనును ఆపలేకపోయానంటే అది పెంపకం లోపం కాదు, నా సొంత ప్రతిభ.

మా కాలనీలో క్రైస్తవ పెళ్ళికూతుళ్ళంతా తెల్లచీర కట్టేవారు. నేను వరంగల్‌లో బీయస్సీ చదివి వచ్చాను కదా, నాకు గౌను కావాలి. సికింద్రాబాద్ పిన్ని కుట్టి పంపింది. పాలమీగడలాంటి సాటిన్, వెడల్పాటి మెడ. చిక్కల్లా ఒకటే. దేవుడు నాకు పైభాగంలో కొంచెం ఉదారంగా ఇచ్చాడు. గౌనుకు ఆ ఉదారత అర్థం కాలేదు. తొడుక్కున్న ప్రతిసారీ ఆ బరువుకు గోదావరిలోకి దిగుతున్నట్టు కిందికి జారిపోయేది.

అమ్మ చూసి షరతు పెట్టింది. "పెళ్ళి ముందురోజుకల్ల గౌను కుదురుగ నిలబడాలె. లేకపోతె తెల్లచీర. అంతే."

బజారుకు పరుగెత్తాను. దుకాణంలో డ్యూటీ దిగి వచ్చిన ఇద్దరు లుంగీలు బేరమాడుతున్నారు.

"ఏం గావాలె చెల్లె?" అన్నాడు దుకాణదారు, ఊరంతటికీ వినపడేలా.

"బాడీ," అన్నాను, నాకే వినపడకుండా.

"ఎవలికి?"

"మా అత్తకు."

"సైజు?"

చేతులతో చూపించబోయి ఆగిపోయాను. "జర పెద్దది."

"మా దగ్గర ముప్ఫై రెండు దాటి రాదు. మీ అత్తకు రెండు కలిపి కుట్టించుండ్రి."

లుంగీలవాళ్ళిద్దరూ ఆలోచనలో పడ్డారు. నేను రెండు చేతిరుమాళ్ళు కొనుక్కుని బయటపడ్డాను.

ఇక మిగిలింది మార్తక్క, కాలనీకంతా జాకెట్లు కుట్టే మనిషి. ఆమె నా చుట్టూ టేపు తిప్పి, "గట్టి గుడ్డతోని కుడ్త, పట్టీలు వెడల్పుగ పెడ్త. నాలుగొద్దులు టైమియ్యి," అంది.

"అంత లావు పట్టీలు గౌను మెడలకెల్లి కనపడ్తయ్ అక్కా. పైనుంచి గుంజుడు కాదు, కిందనుంచి ఎత్తి పట్టాలె. ఇది ఫిజిక్స్."

"ఓహో. ఫిజిక్స్‌ల గిట్ల కూడ జెప్తరా?" అంది మార్తక్క, సూది పక్కన పెట్టి.

ఇప్పుడు వైరు సంగతి చెప్పాలి. గనిలో బొగ్గు పేల్చాక మందుగుండుకు కట్టిన సన్నని వైర్లు మిగులుతాయి, ఎర్రవి, పసుపువి. మగవాళ్ళు వాటిని ఇళ్ళకు తెస్తారు, ఆడవాళ్ళు బుట్టలు అల్లుతారు. మా ఇంట్లో కూరగాయల సంచీ, పీట, బట్టల దండెం అన్నీ అవే. అమ్మ సగం అల్లిన బుట్టలోంచి ఎనిమిది పోగులు లాగాను. పురితిప్పి, అర్ధచంద్రాలుగా వంచి, నా పాత నూలు బాడీ అడుగున కుట్టేశాను.

గౌను నిలబడింది. ఎంతగా అంటే, నేను కూర్చున్నా అది నిలబడే ఉంది.

"ఒక్కసారి వంగి లేసి సూడు పిల్లా," అంది చూడవచ్చిన మార్తక్క.

"పెండ్లిల వంగేదెవరక్కా?"

పాఠకులారా, మా చర్చిలో వధూవరులు ప్రార్థనకు మోకరిస్తారు. ఐదేళ్ళ వయసు నుంచీ చూస్తున్నాను. బీయస్సీలో ఆ ప్రశ్న రాలేదు, అందుకని గుర్తురాలేదు.

పెళ్ళిరోజు పాస్టరుగారు మోకరించమన్నారు. మోకరించాను. చంకకింద 'టక్'మంది. గౌను కుట్టు చీల్చుకుని జానెడు పసుపు వైరు, జానెడు ఎర్ర వైరు బయటికొచ్చి ఊగడం మొదలుపెట్టాయి. పూలగుత్తి అడ్డం పెట్టాను. అటుపక్కనుంచి మరో రెండు వచ్చాయి.

ముందు వరుసలో మా మామగారున్నారు. ఆయన షాట్‌ఫైరర్. ఇరవయ్యేళ్ళుగా గనిలో మందుగుండు పేల్చే మనిషి. మందుగుండు పొట్లంలాంటి తెల్లగౌనులోంచి కొసలు వదిలేసిన రెండు జతల వైర్లు కనపడగానే కోడలన్నది మరిచి ఉద్యోగం గుర్తొచ్చింది.

"ఫైరింగ్! అందరు ఎనుకకు జరుగుండ్రి! మూల తిరుగుండ్రి!"

గనిలో ఆ కేక వింటే ఎందుకని అడగరు. చర్చిలో సగంమంది గని కార్మికులు, మిగతా సగం వాళ్ళ పెళ్ళాంపిల్లలు. అరనిమిషంలో అందరూ బయటికురికి, గనిలోలాగే గోడమూల తిరిగి చెవులు మూసుకుని కూర్చున్నారు. పాస్టరుగారు అందరికంటే ముందున్నారు. పెళ్ళికొడుకు నా చెయ్యి ఎప్పుడు వదిలాడో నాకు తెలియలేదు. నోరు తెరుచుకుని, ఒంటరిగా, మోకాళ్ళమీద మిగిలాను.

బయటనుంచి మాటలు వినపడ్డాయి. "ఎన్ని షాట్లే?"

"రెండు గనవడ్డయ్."

కాసేపు చూసి మామగారు ఒక్కరే లోపలికి అడుగులో అడుగేస్తూ వచ్చారు. పేలని షాటును, అంటే మందుగుండును, ముందుగా షాట్‌ఫైరరే చూడాలి మరి.

"కదలకు బిడ్డా. ఎవలు పెట్టిండ్రు గీ వైర్లు?"

"నేనే మామయ్యా."

"నువ్వా! ఎందుకు?"

కిటికీల నిండా తలకాయలు. ఒక్క దుకాణదారు ముందు నోరు పెగలని నేను ఊరంతటి ముందు అరిచాను. "బాడీకి సపోర్టు మామయ్యా! గౌను జారకుండ!"

సపోర్టుల్లో అనుభవజ్ఞుడైన మా నాన్న కిటికీ అవతల కండువాతో మొహం కప్పుకున్నాడు.

మామగారు మర్యాదగా గోడవైపు తిరిగారు. అటు తిరిగే, "కొసలు ఇడిసిపెట్టినవ్ బిడ్డా. టేపు చుట్టాలె," అన్నారు. తర్వాత గుమ్మంలోకెళ్ళి, "ఏం లేదు, రాండ్రి," అని కేకేశారు.

అమ్మ సంచీలో తెల్లచీర తెచ్చే ఉంచింది. పక్కగదిలో కట్టుకుని వచ్చాను. పాస్టరుగారు మళ్ళీ మోకరించమన్నారు. వెంటనే ముందు మూడు వరుసలు ఖాళీ అయ్యాయి.

మా ఆయన్ను ఇప్పటికీ అడుగుతుంటాను, నన్నొక్కదాన్నే వదిలి ఎలా పోయారని. "సేఫ్టీ రూలు గదా," అంటారు, కాస్తయినా సిగ్గుపడకుండా.

అందుచేత పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ గౌను వేసుకుని పెళ్ళి చేసుకోను. తప్పనిసరై చేసుకోవాల్సి వస్తే మాత్రం, తాళి కట్టేముందే వరుడి వెనక నిలబడి "ఫైరింగ్!" అని ఒక కేక పెట్టి చూస్తాను.