ఫోన్‌లో ఒక విమానం, పైన ఒక విమానం

చీపురుపల్లిలో నాది సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న కొట్టు. పగిలిన అద్దాలు మార్చీ మార్చీ విసుగెత్తినప్పుడల్లా, ఏదైనా కొత్తగా తయారు చేద్దామనిపిస్తుంది. ఆ యావలోనే ఓసారి థర్మాకోల్‌తో రిమోట్ విమానం కట్టాను. ముక్కు మీద చిన్న కెమెరా అతికించాను. అది చూసేదంతా నా ఫోన్‌లో కనిపిస్తుంది. ఆ బొమ్మ చూస్తూ, లోపల కూర్చున్నట్టే విమానం నడపాలని నా సరదా.

కోతలైపోయిన మా మడిలో మొదటిసారి ఎగరేశాం. మా ఆయన దాన్ని చేత్తో విసిరి తల పైకెత్తాడు. నేను తల దించుకుని ఫోన్ చూస్తున్నాను. మా అత్త గట్టు మీద కూర్చుని మా ఇద్దరినీ చూస్తోంది.

“ఒసే, తిప్పీ! గడ్డిమేటు మీదకొచ్చీసినాది!” అని అరిచాడు మా ఆయన.

“ఎక్కడ బావా? ఇంకా మడి మధ్యలోనే ఉన్నాది.”

“నాకు కళ్లు లేవేటి? తిప్పీ అంటంటే!”

“ఇమానం ఒకటే కదా, మీ ఇద్దరికీ రెండు సోట్ల కనిపిస్తన్నాదేటి?” అంది అత్త.

ఇంతలో దబ్బున చప్పుడైంది. ఆ క్షణాన కూడా ఫోన్‌లో గడ్డిమేటు నింపాదిగా దగ్గరకొస్తూనే ఉంది. తర్వాత తెర నల్లబడింది. తలెత్తితే, గడ్డిలోంచి తోక ఒక్కటే నిక్కి కనిపిస్తోంది.

ఆ సాయంత్రం ఇంట్లో కెమెరా ముందు చెయ్యి ఊపి చూశాను. నేను ఊపడం ఆపిన తర్వాత కూడా ఫోన్‌లో నా చెయ్యి ఊగింది. బొమ్మ గాల్లోంచి ఫోన్‌కి చేరేసరికి కాస్త ఆలస్యమవుతోందన్నమాట. నేను చూస్తున్నది విమానం దాటొచ్చేసిన చోటుని! అత్తకి ఇది తెగ నచ్చింది. కెమెరా ముందు నాలుక బయటపెట్టడం, గబుక్కున లోపలికి లాక్కుని తెర వైపు తిరగడం, అక్కడింకా నాలుక చాపుకునున్న తనని చూసి పకపకా నవ్వడం. అన్నం వడ్డించేదాకా అదే పని.

రెక్కకి టేపు అతికించి, కెమెరా పీకేసి, మళ్లీ మడికెళ్లాం. ఈసారి నేనూ తల పైకెత్తాను. తీరా చూస్తే రిమోట్‌లో ఏ లోపమూ లేదు. స్టిక్ కదిపీ కదపకముందే విమానం తిరుగుతోంది. కానీ ఆ ఒక్కసారికే నా వేళ్లకి ఆలస్యం అలవాటైపోయింది. తిరిగినా తిరగలేదనుకుని ఇంకాస్త నొక్కేదాన్ని. అది పల్టీ కొట్టేది. అప్పుడు కంగారుగా రెండోవైపుకి లాగేదాన్ని. ఇంకో పల్టీ.

“కొంచెం ఆడించి ఒగ్గీ. దానికి సెవుడు లేదు, ఇంటన్నాది,” అన్నాడు మా ఆయన.

మాట విన్నాను. వేలు ఆనించి వదిలేయడం వంటబట్టాక, విమానం గద్దలా మెల్లగా చుట్టూ తిరగసాగింది. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు.

“నాకూ ఒకసారి ఇయ్యే,” అన్నాడు ఆయన.

ఇచ్చాను. రిమోట్‌ని రెండు చేతులా బిగించి పట్టుకుని, విమానం ఎటు తిరగాలో అటు ఒళ్లంతా వంచడం మొదలుపెట్టాడు. ఎడమకి తిరగాలంటే ఎడమ కాలి మీద ఒంటికాలి కొంగలా నిలబడ్డాడు.

“నువ్వు వంగితే అది వంగుతాదేట్రా?” అంది అత్త, కడుపు పట్టుకుని.

ఆయన వినిపించుకోలేదు. విమానం మాత్రం ఆయన చెప్పినట్టే తిరిగి తిరిగి, వరి మొదళ్ల మీద పొట్టతో జారుతూ దిగింది. మా ఇద్దరిలో దాన్ని విరగ్గొట్టకుండా మొదటిసారి దించింది ఆయనే. రెండు రోజుల పాటు ఆ గొప్ప ఊరంతా చెప్పుకున్నాడు.