చాచిన చెయ్యి

ఆ కుర్రాడి పేరు నేనెప్పుడూ అడగలేదు. అడిగితే చనువిచ్చినట్టవుతుంది. నేను బాంబూఫ్లాట్ నుంచి ఫెర్రీలో వచ్చి చాతం జెట్టీలో దిగగానే, మెట్ల దగ్గర నా సంచి కోసం చెయ్యి చాచేవాడు.

“అరే మామ్మా, భారీ ఉంది. ఇలా ఇవ్వండి.”

నేను సంచిని అవతలి చేతికి మార్చుకునేదాన్ని. అడక్కుండా బరువు మోస్తానని వచ్చేవాణ్ణి ఎలా నమ్మను? అయినా విసుక్కోకుండా, ఖాళీ చెయ్యి అలాగే చాచి, పై మెట్టు దాకా నా పక్కనే నడిచేవాడు.

ఒక ఆదివారం చర్చిలో పాస్టరుగారు ఆ కుర్రాడి అసలు సంగతి చెప్పారు. వాడు సోషల్ వర్క్ డిగ్రీలో చేరడానికి దరఖాస్తు పెడుతున్నాడట. జనానికి సాయపడే మనిషేనని సంఘంలో పెద్దవాళ్ళెవరైనా చెబితేనే పాస్టరుగారు దాని మీద సంతకం పెడతారట.

“మీరు ఎవర్నీ ఊరికే మెచ్చుకోరు. మీ మాట చాలు,” అన్నారు.

అదా సంగతి, అనుకున్నాను.

“నా సంచి ఏనాడూ మొయ్యలేదండీ. నేనివ్వలేదు. వాడు లాక్కోనూ లేదు, అడగడం మానుకోనూ లేదు. నాకు తెలిసింది అంతే.”

ఆయన నవ్వి సంతకం పెట్టారు.

దరఖాస్తు వెళ్ళిపోయిన మర్నాడు, అబర్డీన్ బజారులో పనేమీ లేకపోయినా టిక్కెట్టు కొనుక్కుని మరీ ఫెర్రీ ఎక్కాను. ఇక వాడు కనపడడనుకున్నాను. మెట్ల దగ్గరే ఉన్నాడు, చెయ్యి చాచి.

“నీ కాగితం వెళ్ళిపోయిందిగా. ఇంకా ఎందుకురా?”

“మెట్లు ఇక్కడే ఉన్నాయి కదా మామ్మా.”

ఆ రోజు సంచి ఇచ్చాను. అందులో ఏమీ లేదు. పట్టుకోగానే వాడికీ తెలిసిపోయింది. అయినా నా నడకకు తగ్గట్టు ఒక్కొక్క మెట్టే ఎక్కాడు. నేను మాత్రం సంచి మీద నుంచి కన్ను తిప్పలేదు.