సున్నం నాది, పట్టా ఆయనది

నేను మా నాయిన కిరాణం దుకాణంలో గల్లా పక్కన కూర్చొని పెరిగాను. ఎదుటివాడు సరుకును పొగుడుతుంటే అడ్డుపడకుండా, దాని మీది మచ్చ వెతకాలని పలక పట్టకముందే తెలుసు. ఆ తెలివితోనే రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు రెండెకరాల వానాధారపు చెలక కొన్నాను. ఇప్పటికీ అందులోంచి బయటపడలేకపోతున్నాను.

ఆ చెలక మా ఊళ్ళో కూలి చేసుకునే ఒక పెద్దమనిషిది. భూమి లేనివాళ్ళకని సర్కారు ఎప్పుడో ఆయన తల్లికి పంచింది. ఆమె పోయాక ఆయన పేరెక్కింది. అలాంటి భూమిని అమ్మడానికి చట్టం ఒప్పుకోదు. అయినా మా దిక్కు తెల్లకాగితం మీద రాసుకొని, ఇద్దరు సాక్షులతో వేలిముద్రలు వేయించుకొని దున్నుకునేవాళ్ళు తక్కువేమీ లేరు. భార్యకు ఆపరేషన్ అవసరం పడి ఆయన అమ్మకానికి పెట్టాడు. నేను చెలకంతా తిరిగి మచ్చలు ఏరాను. రాళ్ళున్నాయన్నాను. బోరు పడదన్నాను. "రిజిస్ట్రేషన్ కాని భూమాయె. రేపు గీ కాగితం చిత్తుకాగితమంటే నేనేం జెయ్యాలె?" అని ధర ఇంకా దించాను.

ఆయన ఒక్కటే అడిగాడు. తూర్పు గెట్టు పక్కన వాళ్ళమ్మ సమాధి ఉంది. దాని మీద చిన్న సిలువ.

"దాన్ని దున్నకు సేటూ. ఏటా సమాధుల పండుగకు సున్నం కొట్టుకోనీ."

"నీకెందుకు కాకా ఆ తిప్పలు, నేనే కొడ్త. గందుకు ఇంకింత తగ్గియ్యి."

దుకాణంలో సున్నం ఎలాగూ ఉంటుంది. ఆయన అదీ తగ్గించాడు. ఇంటికొచ్చి ఈ బేరం గురించి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మాట తప్పలేదు. మనిషిని పెడితే కూలి దండగని ప్రతి నవంబరులో బకెట్టూ బ్రష్షూ పట్టుకొని నేనే పోయేవాడిని. కొంచెం నీలిమందు కలిపేవాడిని. పత్తిచేను నడుమ ఆ సమాధి రోడ్డు దాకా మెరిసేది.

కొన్నేళ్ళకు కొత్త పాసుబుక్కుల కోసం ఊరూరా భూముల రికార్డులు సరిచూడటం మొదలైంది. నా తెల్లకాగితం పట్టుకొని తహసీలు ఆఫీసులో ఒక గుమాస్తా దగ్గరికి పోయాను. ఆయన దాన్ని చేత్తో కూడా ముట్టలేదు.

"గిది బయటికి తియ్యకు సేటూ. అమ్మిండని తెలిస్తే సర్కారు వాపసు గుంజుకుంటది. నీకూ ఉండది, ఆయనకూ ఉండది."

ధర దించడానికి నేనన్న మాటనే ఆయన నాకు తిరిగి చెప్పాడు. ఈసారి బేరమాడటానికి ఏమీ లేదు.

భూమి మీద ఎవరున్నారో చూసి రాసుకునే గిర్దావరు వచ్చిన రోజు నేను నడుముకు సంచి కట్టుకొని కూలీలతో పాటు పత్తి ఏరుతున్నాను. రికార్డులో పేరున్నందుకు పెద్దమనిషి వచ్చి గెట్టు మీద నిలబడ్డాడు.

"గీయన ఎవరు?" అన్నాడు గిర్దావరు నన్ను చూసి.

పెద్దమనిషి నా నడుముకున్న సంచి వంక చూశాడు. "మా జీతగాడు సారూ. పనిమంతుడే గానీ జర నోరెక్కువ."

కూలీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఊరంతా సేటూ అని పిలిచే నేను "అవును సారూ" అన్నాను.

గిర్దావరుకు అనుమానం తీరలేదు. చుట్టూ చూశాడు. చూపు సమాధి మీద ఆగింది. వారం కిందటే కొట్టిన సున్నం ఎండకు కళ్ళు చెదిరేలా ఉంది.

"అమ్ముకొని పోయినోళ్ళ సమాధి గిట్ల మెరుస్తదా? వీళ్ళదే కాస్తు" అని సాగు చేసేవాడి గళ్ళో పెద్దమనిషి పేరు రాసుకున్నాడు.

నోరు తెరిస్తే భూమి సర్కారుకు పోతుంది. మూసుకుంటే పెద్దమనిషి పేరిట ఉంటుంది. మూసుకున్నాను.

పాసుబుక్కు ఆయన పేరిటే వచ్చింది. "భూమి నీదే సేటూ, బుక్కే నాది. నేనున్నన్ని దినాలు నీకేం ఫికర్ లేదు" అన్నాడు. నా ఫికరంతా అక్కడే మొదలైంది. ఆయనకిద్దరు కొడుకులున్నారు. బతుకుదెరువుకు ఊరు విడిచిన వాళ్ళు ఆ తెల్లకాగితాన్ని చూడనే లేదు. చెలకను నేను అమ్ముకోలేను, వదులుకోలేను, నాదని నలుగురిలో అనలేను. రోజూ పొద్దున దుకాణం తెరవకముందే వాళ్ళింటికి పోయి ఆయన దగ్గు ఎలా ఉందో విని వస్తాను. దగ్గు ముదిరితే మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోతాను. "మీ నాయిననా?" అని అక్కడి నర్సు నన్నడిగితే ఆయనే జవాబు చెప్పాడు.

"కాదు బిడ్డా, మా జీతగాడు."

పోయిన పండుగకు నేను సున్నం కొడుతుంటే ఆయన మెల్లగా వచ్చి సమాధి పక్కన చేతికర్ర గుచ్చాడు.

"నన్ను గీడ్నే పెట్టాలె సేటూ. మా అమ్మ పక్కన."

ఆయన పోయిన మర్నాడే చెలక కొడుకులదవుతుంది. నోరు మాత్రం పాత అలవాటు మానలేదు. "జర గెట్టు దిక్కు జరుగు కాకా. దుక్కికి అడ్డమొస్తది."

"ఎవరి దుక్కికి?"

నేను బ్రష్షును బకెట్లో ముంచి తీశాను. సున్నం కారి నా కాళ్ళ మీద పడుతోంది. ఆయన నవ్వి, కర్ర పీకి, గెట్టు దిక్కు రెండడుగులు జరిపి గుచ్చాడు.

ఆయన ఇంటిదారి పట్టాక నేను ఒక రాయి తెచ్చి ఆ కర్ర గుచ్చిన చోట పెట్టి, దానికీ ఒక పూత సున్నం వేశాను.