ఫ్లెక్సీకి ఒక ఫోటో

లదాఖ్ దాకా బైకు ప్రయాణానికి ఏ కెమెరా, ఏ లెన్సులు పట్టుకెళ్లాలా అని విజయవాడలో నెల రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. కొండలు తీయబోతూ ముఖాలు తీసే లెన్సు మోయడం దండగనిపించింది. అయినా ఆఖరి నిమిషంలో బ్యాగులో పడేశాను.

మొదటి రోజే, కోదాడ దాటాక హైవే దిగి, గరిడేపల్లి దగ్గర, రోడ్డు మీద ఆరబోసిన వడ్లను కాళ్లతో తిరగేస్తున్న ఒక పెద్దావిడ నా మెడలోని కెమెరా చూసి ఆపింది.

“బిడ్డా, నాదొక ఫోటో తియ్యి. మొకం మంచిగ రావాలె.”

కొంగు సర్దుకుని నిలబడింది. ఆ లెన్సే బిగించి, నవ్వమన్నాను.

“నవ్వద్దు బిడ్డా. నేను సచ్చినంక ఫ్లెక్సీ మీద ఏసే ఫోటో గిది.”

కెమెరా పట్టుకున్న నా చేయి కిందికి దిగిపోయింది.

“మా ఆయన పోతే ఆధార్ కార్డు ఫోటోనే పెద్దగ చేసి కట్టిండ్రు. సూసినోళ్లంతా గీయనెవరని అడిగిండ్రు. నాకు గట్ల కావద్దు. తియ్యి.”

తీశాను. కెమెరా తెర మీద తన ముఖాన్ని చాలాసేపు చూసుకుంది. తర్వాత ఇళ్ల వైపు తిరిగి కేకేసింది.

“ఓ లచ్చక్కా! మంచి చీర కట్టుకోని జల్ది రా. రంగమ్మను గుడ తోల్కరా. ఈ పిలగాడు పోతే మళ్ల దొరకడు!”