బిందెలో అరిచిన పేరు

చిట్యాల నుంచి దుబాయి దాకా నా మిక్సు వినని చెవి లేదని చాలామందికి చెప్పాను. హైవే మీద లారీలు ఆపుకొని మరీ నా పాటలు ఫోన్లలో ఎక్కించుకుంటారని కూడా చెప్పాను. అంతా గాలి. ఆగిన లారీ ఒక్కటే, అదీ టైరు పంచరై. దుబాయిలో విన్నది మా మేనల్లుడు. ఏ పాట బాగుందిరా అని అడిగితే సిగ్నల్ లేదని ఫోను పెట్టేశాడు.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో, కొలువు నుంచి దిగిపోయాక, పాత కంప్యూటరు ఒకటి కొన్నాను. అప్పటికే ఏ పెళ్లి బరాత్ చూసినా డీజే బండే. పాట ఎవరు కట్టారో, ఎవరు పాడారో ఎవరికీ పట్టదు. మిక్సు చేసినవాడు మాత్రం పాట నడుమ తన పేరు తానే అరుస్తాడు. దాన్ని ట్యాగు అంటారు. నాకూ ఒక ట్యాగు కావాలనిపించింది. స్టీలు బిందెలో మూతి పెట్టి ‘తాత మిక్స్... చిట్యాలా!’ అని అరిచి ఫోన్లో రికార్డు చేశాను. గొంతు గుహలోంచి వచ్చినట్టు వచ్చింది.

“తాగే నీళ్ల బిందెల మూతి పెడితివా? ఇగ దాన్ని నువ్వే తోముకో,” అని మా ఇంటావిడ విసురుగా పోయింది.

కింద తీన్మార్ దరువు, మీద మనవాళ్ల పాట. అతికించి వాట్సాప్ గ్రూపులో పంపేవాణ్ని. నచ్చినవాళ్లు ఇంకొకరికి పంపేవారు. గ్రూపులో సగం మంది చుట్టాలే. వాళ్లు నా పాటలు వచ్చినా ఫోను మోగకుండా చేసుకున్నారని తర్వాత తెలిసింది.

మోత్కూరు దగ్గర మా అక్క ఉంటుంది. పత్తి ఏరే కూలికి పోయిన రోజుల్లో తను కట్టిన పాట ఒకటుంది. ఒక్కో చరణం చివర జట్టులోని ఒక్కో ఆడమనిషి పేరు పెట్టి పిలుస్తుంది. ఒకామె ఒడి నిండిందని, ఒకామె సాలు దాటిందని. ఆఖరు చరణం, పాము కరిచి చేనులోనే పోయిన జతగత్తెది. అక్కడ అక్క ఆగుతుంది. దమ్ము తీసుకుంటుంది. అప్పుడు పిలుస్తుంది, అవతలి గట్టు మీదున్న మనిషిని పిలిచినట్టు.

అక్క పాడుతుంటే ఫోన్లో రికార్డు చేసుకొని, “ఈ పాట అందరికి పంపుదునా అక్కా?” అని అడిగాను.

“పంపు తమ్మీ. దానికి పిల్లా లేదు జెల్లా లేదు. ఫోటువ గూడ లేదు. ఒట్టి పేరే మిగిలింది. గదన్న నలుగురి నోట్ల పడనియ్,” అంది. “గా పేరు మంచిగ ఇనపడాలె,” అని కూడా అంది.

ట్యాగు ఎక్కడ పడితే అక్కడ పెట్టేది కాదు. దరువు ఒక్కసారి ఆగాలి. ఆ ఖాళీలో పేరు అరవాలి. వెంటనే దరువు మళ్లీ మీద పడితే గుంపు ఎగురుతుంది. అక్క పాటలో అలాంటి ఖాళీ ఒక్కటే, తను దమ్ము తీసుకునే చోటు. కల్వకుర్తి దిక్కు డీజే కొట్టే పిల్లగాడొకడు సరిగ్గా అక్కడే తన పేరు అరిచి, పోయినామె పేరును మింగేశాడు.

ఇలా అని వాడకట్టంతా చెప్పుకుంటూ తిరిగాను. వాణ్ని తిట్టని తిట్టు లేదు. నిజమేమిటంటే, అక్కడ మొదట అరిచింది నేను. బిందె అరుపు సాగి సాగి ఆ పేరు మీద పరుచుకుంది. వినడానికి ఎంత బాగుందో! అక్కకు వినిపించకుండానే పంపేశాను. వాడు నా మిక్సు తీసుకొని, నా అరుపు మీద తన అరుపు వేశాడు. గుంత తవ్వింది నేను, స్తంభం పాతుకుంది వాడు.

పాట వాడి పేరుతో ఊళ్లు తిరిగింది. నేను ఏ అరుపూ లేకుండా మళ్లీ చేసి వీడియోల సైటులో పెట్టాను. ఇది ఇంకొకరి పాటకు కాపీ అని తీసేశారు. చివరికి వాడి నంబరు పట్టి ఫోను చేశాను.

“తాతా, నీ మిక్సుల దమ్మే లేకుండె. బాస్ ఏసి లేపింది నేను. నువ్వే నాకు దావత్ ఇయ్యాలె,” అన్నాడు.

“ఇస్త బిడ్డా. గాడ నీ అరుపు తియ్యి. కింద ఒకామె పేరున్నది.”

“ఏ పేరు?” అన్నాడు. వాడిది నటన కాదు. వాడికి అది ఎన్నడూ వినపడలేదు.

ఆ ఏడు బతుకమ్మకు అక్క ఊళ్లో ఉన్నాను. కరెంటు పోయి స్పీకర్లు మూగబోతే, ఆడపిల్లలు నోటితోనే అక్క పాట ఎత్తుకున్నారు. అక్క మొహం వెలిగింది. చప్పట్లు కొడుతూ తానూ వలయంలో కలిసింది. ఆఖరు చరణం వచ్చింది. పిల్లలందరూ ఆగారు, అచ్చం అక్కలాగే దమ్ము తీసుకున్నారు, ఆ డీజే పేరు అరిచి పకపకా నవ్వారు. ఆ అరుపులో అక్క పిలుపు ఒక్కటే వేరుగా వచ్చి మునిగిపోయింది.

“అమ్మమ్మా, తప్పు పాడుతున్నవ్. గాడ డీజే పేరొస్తది,” అంది పక్కనున్న పిల్ల.

“గిది నేను కట్టిన పాట బిడ్డా.”

“అవునవును! పత్తిచేన్ల స్టూడియో పెట్టి కట్టినవ్!”

అక్క వలయంలోంచి బయటికి వచ్చేసింది. గోడ పక్కనున్న నా దగ్గరకొచ్చి, “ముందుగాల గాడ ఒర్లింది ఎవడు తమ్మీ?” అని అడిగింది. కంప్యూటరు దానంతటదే చేసిందన్నాను. అక్క నా మొహంలోకి చూస్తూనే ఉంది. “నేనే అక్కా,” అన్నాను.

అక్క చెప్పులు వేసుకొని ఇంటిదారి పట్టింది. తిట్టినా బాగుండేది.

మొన్న పత్తి ఏరుడు మొదలయ్యాక పోయి చూశాను. అక్క వాకిట్లో కూర్చొని చిక్కుడుకాయలు తుంచుతూ అదే పాట సన్నగా తీస్తోంది. ఆఖరు చరణం దగ్గర ఆగింది. దమ్ము తీసుకుంది. పెదవులు కదిలాయి గానీ పేరు రాలేదు. మరిచిందో, నాలుక మీదికి ఆ ఇంకో పేరు వచ్చి అడ్డం పడిందో నాకు తెలియదు. ఉండబట్టలేక, ఆ పేరు నేనే మెల్లగా అందించాను.

అక్క నా వైపు తిరగలేదు. “నువ్వనకు,” అంది.