మనుషుల్లేని ఫొటోలు: వెర్రిబీ నుంచి బ్రోకెన్ హిల్ దాకా

ఆ గురువారం ఉదయానికి ప్రత్యేకత ఏమీ లేదు. ఐదింటికి లేచాను. ఆస్ట్రేలియాలో జూన్ అంటే చలికాలం కదా, కిటికీ అద్దాల నిండా చెమ్మ. హీటర్ వేసి, శాలువా కప్పుకుని, వంటింటి బల్ల దగ్గర కూర్చుని కీర్తన ఒకటి చదువుకుని ప్రార్థన చేసుకున్నాను. మావారు రాత్రి డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. ఆయన కోసం ఇడ్లీ వేసి, పక్క స్టవ్ మీద టీ పెట్టి అల్లం దంచుతుంటే ఫోన్ టింగుమంది. మా చెల్లెలి కూతురు షారోన్, ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టింది. ఎర్రటి నేల, దాని మీద బూడిదరంగు పొద ఒకటి, పైన ఆకాశం. అంతే. నేను చూస్తుండగానే టీ పొంగిపోయింది. స్టవ్ తుడిచి మళ్ళీ చూశాను. ఎక్కడా మనిషి నీడ కూడా లేదు.

షారోన్ మా చెల్లి సునీతకు ఒక్కతే కూతురు. బాపట్ల నుంచి వచ్చి మెల్‌బోర్న్‌లో నర్సింగ్ చదువుతోంది. మొదటి రెండేళ్ళూ ఆ నగరం శివార్లలో, వెర్రిబీలో మా ఇంట్లోనే ఉంది. మూడో ఏడు ట్రైనింగ్ కోసం యూనివర్సిటీ వాళ్ళు ఎడారి అంచున ఉన్న బ్రోకెన్ హిల్‌కు పంపించారు. ఆరు నెలలు అయ్యాయి. మిగిలిన ఆరు నెలలు కూడా అక్కడే ఉంటుందో, మెల్‌బోర్న్ వచ్చేస్తుందో సోమవారం లోగా చెప్పాలి. తను ఉంటానంటోంది. వాళ్ళమ్మకు మాత్రం కంటిమీద కునుకు లేదు. కారణం ఈ ఫొటోలే. మా ఇళ్ళలో ఫొటో అంటే మనుషులు. సముద్రాన్ని తీసినా ముందు వరసలో అత్తలు, వెనక వరసలో మామయ్యలు నిలబడాల్సిందే. షారోన్ పంపేవాటిలో రాళ్ళు, పొదలు, పగిలిన మట్టి. వారం వారం అవే.

పదింటికి, అంటే బాపట్లలో ఇంకా తెల్లవారుతుండగానే, సునీత ఫోన్ చేసింది.

“అక్కా, చూశావా? ఇయ్యాళ గూడా ఒక్క మనిషి లేడు. ఆ పిల్ల ఎవరితో మాట్లాడతంది? ఎవరితో కూర్చుని తింటంది? ఆ రాళ్ళతోనా?”

“బాగానే ఉన్నానంటోందిగా సునీతా.”

“బాగుంటే మొహం చూపిచ్చిద్ది గదా! నువ్వు పోయి చూసిరా అక్కా. తీసుకొచ్చెయ్యాలనిపిస్తే తీసుకొచ్చెయ్. ఉండనియ్యాలంటే ఉండనియ్. నీ మాటే మా మాట.”

పెద్దదానిగా పుట్టినందుకు ఇలాంటివి నా దగ్గరికే వస్తాయి.

శనివారం తెల్లవారాక బయలుదేరాం. నేను, మా తమ్ముడు ప్రభాకర్. కారు వాడిదే. డిక్కీలో స్పేర్ టైరు తప్ప ఏమీ లేకుండా దులిపి పెట్టాడు, పిల్ల సామాను పట్టాలని. వాడి మనసులో నిర్ణయం అప్పుడే అయిపోయింది. బల్లారట్ మీదుగా సెయింట్ ఆర్నాడ్, ఓయెన్ దాటి మిల్డూరా చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. మధ్యలో పార్కు కనిపించిన చోట ఆగి పులిహోర, ఉడికించిన గుడ్లు తిన్నాం. ఓయెన్ దగ్గరికి వచ్చేసరికి గోధుమ పొలాలు పలచబడి మట్టి రంగు మారుతుంది. మిల్డూరా ముందు, అక్కడి తోటలకు పురుగు పట్టకుండా బయటి పళ్ళు తీసుకెళ్ళకూడదని బోర్డు కనిపించింది. నేను షారోన్ కోసం సంచీ నిండా జామకాయలు తెచ్చాను. పారేయడానికి మనసొప్పక రోడ్డు పక్కన ఆపి ఇద్దరం నిలబడి తినడం మొదలుపెట్టాం.

“అక్కా, ఇంక నావల్ల కాదు. ఏడు తిన్నా.”

“ఇంకొక్కటి తిను.”

“ఇది శిక్షా, ప్రసాదమా?” అన్నాడు. మిగిలినవి అక్కడి డబ్బాలో వేసి, చేతులు తుడుచుకుని కదిలాం. ఈ నియమాలు మారుతుంటాయట, బయలుదేరే ముందు చూసుకోవడం మంచిది.

ఆ పూటకు మిల్డూరాలో ఆగాం. మోటెల్ గది నూట నలభై డాలర్లు, శుభ్రంగా ఉంది. ఒకేరోజులో వెళ్ళిపోవచ్చు గానీ చీకటి పడ్డాక ఆ రోడ్డు మీద కంగారూలు అడ్డొస్తాయి. ఆదివారం పొద్దున్నే మళ్ళీ ఎక్కాం. వెంట్‌వర్త్‌లో రెండు నదులు కలిసేచోట పది నిమిషాలు నిలబడి, ఆ రోజు చర్చికి వెళ్ళలేం కనుక అక్కడే ప్రార్థన చేసుకున్నాం. ఆ తర్వాత మూడు గంటల దారి. ఊరు లేదు, చెట్టు లేదు. ఫోన్ సిగ్నల్ కూడా పోయింది. రెండు వైపులా ఎర్రమట్టి, మోకాలెత్తు పొదలు. ఒకచోట ఈమూ పక్షులు నాలుగు కారుతో పాటు పరుగెత్తి, విసుగొచ్చినట్టు ఆగిపోయాయి. సగం దారిలో ఒకే ఒక్క రోడ్‌హౌస్. అక్కడ పెట్రోలు పోయించుకుంటుంటే కౌంటర్ దగ్గరున్న ఆవిడ “చూడ్డానికి వచ్చారా?” అని అడిగింది.

“పిల్లను తీసుకెళ్ళడానికి,” అన్నాడు ప్రభాకర్.

“తను వస్తానందా?” అంది ఆవిడ, చిల్లర ఇస్తూ. వాడు చిల్లర జేబులో వేసుకుని కారు వైపు నడిచాడు.

బ్రోకెన్ హిల్ చేరేసరికి పన్నెండయింది. షారోన్ ఉండేది ఊరి చివరి వీధిలో, రేకు గోడల పాత ఇంట్లో ఒక గది. వీధిలో పిట్ట మనిషి లేడు. వీధి చివర కంచె, దాని అవతల ఇక ఎడారే. సునీత అన్నది నిజమేననిపించింది. తలుపు తీసిన షారోన్ కొంచెం నల్లబడింది, కొంచెం చిక్కింది. నన్ను చూడగానే గట్టిగా పట్టుకుంది.

“బట్టలు సర్దుకో తల్లీ. రేపు పొద్దున్నే బయల్దేరదాం,” అన్నాడు ప్రభాకర్, ఇంకా చెప్పులు విప్పకుండానే.

“మామయ్యా, కనీసం నీళ్ళు తాగండి ముందు.” నా వైపు తిరిగింది. “పెద్దమ్మా, ఈవెనింగ్ దాకా ఆగండి. మా స్ట్రీట్ వాళ్ళను చూడండి. తర్వాత మీరేమంటే అది చేస్తాను. ప్రామిస్.”

నేను సరేనన్నాను.

అన్నం, టమాటా పప్పు తిని కాసేపు పడుకున్నాం. నాలుగింటికి రెండిళ్ళ అవతల ఉండే మొరీన్ ఆంటీ ఇంటికి తీసుకెళ్ళింది. మొరీన్ రిటైరైన టీచరు, నాకంటే పదేళ్ళు పెద్ద. పెరట్లో గొడుగులా విచ్చుకుని తిరిగే, బట్టలారేసే స్టాండు ఉంది. దాని తీగలకు బట్టలు లేవు. క్లిప్పులు పెట్టి ఫొటోలు వేలాడదీశారు. వీధిలో వాళ్ళు పదిమంది దాకా ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. ఎక్కువమంది ముసలివాళ్ళు. ఒక కుక్క కూడా. నెలకొకసారి ఆదివారం ఇలా కలుస్తారట. ఒక్కొక్కరు ఒక్క ఫొటో తేవాలి. ఇంటి నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో తీసిందే అయ్యుండాలి. తన ఫొటో గురించి తాను మాట్లాడకూడదు. వేరేవాళ్ళది ఒకటి ఎంచుకుని, అందులో తనకు నచ్చింది చెప్పాలి. ఎవరు తీశారో ఆ తర్వాతే తెలుస్తుంది. ఇంకొక నియమం ఉంది. ఫొటోలో మనుషులు ఉండకూడదు.

“ఎందుకలా?” అని అడిగాను.

“మా మొహాలు వారమంతా చూసుకుంటూనే ఉన్నాంగా, అది చాలదా?” అంది మొరీన్. అందరూ నవ్వారు. “ఆ ఎదురు గుట్ట వైపు మాత్రం అడక్కుండా తీయం. ఈ నేల మొదటి మనుషులు, ఇక్కడి ఆదివాసులకు అది ముఖ్యమైన చోటు. మిగతా నేలంతా మాకు చాలు.”

అప్పుడు నాకు ఫొటోలు వేరేగా కనిపించడం మొదలైంది. గాలికి మట్టి మీద పడ్డ గీతలు. పాత తారురోడ్డు పగులులో నల్లకన్నున్న ఎర్రపువ్వు. కంచె తీగకు చిక్కుకున్న ఈక. ఎవరూ “వావ్” అని ఊరుకోవడం లేదు. ఒకావిడ, “ఈ ముళ్ళపొదను రోజూ తిట్టుకుంటూ దాటిపోతాను. దాని నీడ ఇంత అందంగా పడుతుందని తెలీదు,” అంది. నా వంతు వచ్చింది. ఇళ్ళల్లో జరిగే మా కుటీర ప్రార్థనల్లో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేటప్పుడు లేచి నిలబడడం అలవాటు. అలాగే లేచి నిలబడ్డాను. అతిథి నిలబడిందని మిగతా అందరూ కూడా మర్యాదకు లేచేశారు, మోకాళ్ళ నొప్పులవాళ్ళతో సహా. షారోన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“అయ్యో, కూర్చోండి!” అన్నాను. ఎవరూ కూర్చోలేదు. ఇక తొందరగా ముగించాలని, పొద కింద గోరంత మొలక ఉన్న ఫొటో చూపించి, నాకొచ్చిన ఇంగ్లిష్‌లో చెప్పాను: “ఇది కనబడాలంటే ఎవరో నేల మీద మోకరించి ఉండాలి. వాళ్ళకు వందనాలు.”

చివరి కుర్చీ దగ్గర కీత్ అనే పెద్దాయన టోపీ తీశాడు. ఒకప్పుడు గనిలో పనిచేశాడట. “తీసింది నేనేనమ్మా. మోకరించడం నా వంతు. నన్ను లేపడం మాత్రం షారోన్ వంతు. మూడు నిమిషాలు పట్టింది.”

“నాలుగు,” అంది షారోన్. “పైగా లేస్తూ నన్ను పడేశావు.”

“నర్సులు పడకుండా ట్రైనింగ్ ఇవ్వరా మీ దగ్గర?”

ఇద్దరూ కొట్టుకుంటున్నట్టే మాట్లాడుకుంటున్నారు. ఇంట్లో పిల్లలు తాతతో మాట్లాడినట్టు. అప్పుడు మొరీన్ నా పక్కకొచ్చి తన ఫోన్ తీసింది. “రూల్ పెట్టింది నేను, తప్పింది కూడా నేనే. ఎవరికీ చెప్పకు,” అంటూ ఒక ఫొటో చూపించింది. షారోన్ ఎర్రమట్టిలో బోర్లా పడుకుని ఫోన్‌తో ఆ బూడిదరంగు పొదను తీస్తోంది. కీత్ వంగి, ఎండ పడకుండా షారోన్ తల మీద టోపీ పట్టుకున్నాడు. ఒకావిడ దాని జడ మట్టిలో పడకుండా ఎత్తి పట్టింది. వెనక ఇంకో ముగ్గురు, కుక్క, ఫ్లాస్కు. అప్పుడు తను తీస్తున్నదే గురువారం మా స్టవ్ మీద టీ పొంగించిన ఫొటో. మేమంతా పొద వైపు నుంచి చూశాం. ఇవతల ఎంతమంది ఉన్నారో మాకు కనబడలేదు.

“ఇవన్నీ అమ్మకు ఎందుకు చెప్పలేదే?” అన్నాను షారోన్‌తో.

“చెప్పాను పెద్దమ్మా. నైబర్స్ మంచోళ్ళు అంటే, ‘వాళ్ళెవరో మనకెందుకు, మంచి ఫొటో ఒకటి పెట్టు’ అంటది. నాకు ఇవే మంచి ఫొటోలనిపించినయ్. అందుకే పెట్టాను.”

లోపల్లోపలే ప్రభువుకు స్తోత్రం చెప్పుకున్నాను. ఎండ దిగుతుంటే అందరం వీధి చివర కంచె దాకా నడిచాం. నేలంతా మొదట కుంకుమరంగుకు, తర్వాత వంకాయరంగుకు తిరిగింది. ప్రభాకర్ కంచె మీద మోచేతులు ఆనించి చూస్తూ నిలబడ్డాడు.

ఈ దారిన వెళ్ళాలనుకునేవారికి నేను చెప్పగలిగింది కొంచెమే. ఒక చోటు మనకు ఖాళీగా కనబడేది అక్కడ చూడ్డానికి ఏమీ లేక కాదు, చూడ్డం నేర్పేవాళ్ళు మనకు తగలక. అక్కడివాళ్ళతో ఒక పూట కూర్చోండి. ఊరు చూసి వచ్చేయాలనుకుంటే అర్ధరోజు చాలు, నేలను చూడాలంటే సాయంత్రం తప్పక ఉండాలి. ఇక పనికొచ్చే మాట ఒక్కటి: బ్రోకెన్ హిల్ న్యూ సౌత్ వేల్స్‌లో ఉన్నా, గడియారం మాత్రం అడిలైడ్‌ది. మెల్‌బోర్న్ కంటే అరగంట వెనక. భోజనానికో, ఎవరింటికో వేళ చెప్పుకునేటప్పుడు అది గుర్తుంచుకోండి.

ఆరింటికి షారోన్ గదిలో నుంచి వీడియో కాల్ చేశాం. బాపట్లలో సునీత, వాళ్ళాయన, అంటే మా మరిది; వెర్రిబీలో మావారు. మొరీన్ దగ్గర అడిగి తీసుకున్న ఫొటో ముందే పంపించాను. సునీత దాన్ని పెద్దది చేసి చూసుకుంది. తర్వాత, “ఆ టోపీ పట్టుకున్నాయన ఎవరే?” అని అడిగింది. “జడ పట్టుకుంది ఎవురు? ఆమె ఏమన్నా తినిందా, లేదా?” ఒక్కొక్కరి పేరూ, ఇల్లూ, ఆరోగ్యమూ చెప్పించుకుంది. ప్రభాకర్, “ఉంటే ఉండనీ గానీ, ఈ రోడ్డు మీద ఒక్కతే డ్రైవ్ చేయకూడదు. బస్సులోనే రావాలి,” అన్నాడు. అది అందరికీ నచ్చింది. చివరికి సునీతే అంది: “అక్కా, ఇంక నువ్వు చెప్పే పన్లా. ఉండనీయండి.” ఉద్యోగం అక్కడే చేస్తానంటే ఏమిటన్నది చదువు పూర్తయ్యాక చూసుకోవచ్చనుకున్నాం. మా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళం అందరం ఆదివారాలు ఫోన్‌లో కలిసి చేసుకునే కుటుంబ ప్రార్థన, అమ్మ ఉన్నప్పటి నుంచీ ఒకే వేళకు జరుగుతోంది. షారోన్ వీధివాళ్ళు కలిసేదీ సరిగ్గా ఆ వేళకే; ఆ రోజు మేమూ అందుకే ప్రార్థన తప్పిపోయాం. నెలలో ఆ ఒక్క ఆదివారం ప్రార్థన గంటన్నర ఆలస్యంగా మొదలుపెడదామని మా మరిది అన్నాడు. అందరం ఆమెన్ అన్నాం.